జల్లెడ

మాది రిబ్నిత్సా. జల్లెడలల్లే ఊరు.
తాత గుర్రపు తోక వెంట్రుకలతో అల్లేవాడు,
నాన్న సన్నటి ఇనప తీగతో.
అయిపోయాక వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి
కన్నం కన్నం చూసుకుంటాడు.

లుబ్లియానా ఆసుపత్రిలో డాక్టర్ స్లివార్
నా మెడలోంచి తీసిన గడ్డని అలాగే చూసిందట.
"లోపల అల్లిక జల్లెడలా ఉంది" అంది.
నాకు నవ్వొచ్చింది. కుట్లు లాగాయి.
ఆవిడ నవ్వలేదు.
"మధ్యమధ్య మల్బరీ పండ్లలాంటి ముద్దలు.
తింకారా, మీ ఇంట్లో ఎవరికైనా
పెద్దపేగు జబ్బు ఉందా?"

థైరాయిడ్‌కని వచ్చినదాన్ని
పేగుల సంగతి అడుగుతుందేమిటి!
ఎవరికీ ఏమీ లేదన్నాను.

నాయనమ్మ నలభై ఒకటికే పోయింది, కడుపునొప్పితో.
ఆవిడ తమ్ముడు స్తాన్కో కూడా
ఆ కడుపుతోనే.
అంతకుమించి మా ఇంట్లో చెప్పరు.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని
అన్నీ కడుపులోనే పెట్టుకునే వంశం.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.
గొంతు బొంగురు, సగం మాట గాలి.
అడిగాను.
అటువైపు సుత్తి చప్పుడు ఆగింది.
చాలాసేపు ఏమీ లేదు.
"రెండేళ్లుగా రక్తం పడుతోంది.
బీట్‌రూట్ వల్లేమో అనుకున్నా."

రెండేళ్లూ బీట్‌రూటేనా నాన్నా!

వందల పాలిప్‌లు ఆయన పేగు నిండా.
నా పేగులోనూ, ఇంకా మొలకలు.
ఆయనవాటిలో ఒకటి అప్పుడే రంగు మార్చుకుంటోంది,
ఇంకో ఏడాది ఆగి ఉంటే
ఈ పద్యం వేరేలా ఉండేది.

దిగాల్సింది నాన్న నుంచి నాకు దిగింది.
కబురు మాత్రం
నా గొంతులోంచి ఆయన దాకా ఎదురెక్కింది.

తమ్ముడు గాష్పెర్‌కి పదిహేనేళ్లు.
వాడి రక్తం ఇంకా ల్యాబ్‌లోనే ఉంది.
ఉండటానికీ లేకపోవడానికీ సగం సగం అంది డాక్టర్.
"లెక్కలు నాకూ వచ్చు" అని
సైకిలెక్కి వెళ్లిపోయాడు,
చీకటి పడినా రాలేదు.

ఆపరేషనయ్యాక నాన్న బరువులెత్తకూడదు.
జల్లెడ బరువేం కాదు కదా అని
ఇవాళ ఒకటి తెమ్మన్నాడు.
కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురుకెత్తి,
నా మెడ మీద గీత వైపు చూడకుండా
చాలాసేపు దాన్నే చూశాడు.

"ఒక తీగ తప్పింది."
ఎక్కడ, అన్నాను.
దగ్గరికి రమ్మని
వేలు పెట్టి చూపించాడు.
ఎన్నడూ ఏదీ ఎవరికీ చూపించనివాడు.