పదకొండు ఎక్కువ

బెంగుళూరు రోడ్డులో రాప్తాడు దాటినాక
చెనిక్కాయ చేల నడుమ మా నీళ్ల పార్కు.
గేటు కాడ తిరిగే ఇనుప కడ్డీ,
దాని పక్కన కుర్చీ, కుర్చీలో నేను.
ఎనిమిదేండ్లుగా నా పని ఒకటే:
లోపలికి పోయినోళ్లెందరు, బయటికొచ్చినోళ్లెందరు.
రెండూ సరిపోతేనే దీపాలార్పాల.
ఒక్కటి తక్కువైనా
అలల కొలనును గడకర్రతో దేవాల,
జారుడు గొట్టాల్లో టార్చి కొట్టి
పేరు తెలీని బిడ్డను పిలవాల.
"నీళ్లు చూసెరగని సీమ మ్మే ఇది,
మోకాటిలోతైనా సముద్రమే మనోళ్లకు" అని
ఈ కట్టుబాటు పెట్టింది తిప్పేస్వామి సారు.

సారేం దేవుడు కాదు.
మూడేండ్ల కింద ఆరుగురి పేర్లు రాసిచ్చింది ఆయన చెయ్యే.
మా చిన్నాయన కొడుకు కుళ్లాయప్పది నాలుగో పేరు.
"నా చేతిలో ఏముంది మాబున్నీ" అన్యాడు,
అంటా ఆ చేతిని జోబులో పెట్టుకున్యాడు.
కుళ్లాయప్పిప్పుడు పాతూరులో ఉగ్గాని బండి తోస్తాండాడు.
నేను రొన్నాళ్లు సారుకు నమస్తే పెట్టలేదు.
ఆ ఎండాకాలమే
పదహారు బోర్లలో పద్నాలుగు ఊపిరొదిలితే
ట్యాంకరోళ్లతో కొట్లాడి
కొలనుకు తొమ్మిది, మా ఊరి తొట్టికొకటి తెప్పించినాడు.
ఆ ఒక్కదాన్నీ కంపెనీ పుస్తకంలో
"ఆవిరి" అని రాసినాడు.
నేను చూసినా.
మల్లా నమస్తే పెట్టినా.

బేస్తవారం పొద్దున బెంగుళూరు నంబరు కార్లు రెండొచ్చినాయి.
పార్కును కొన్న కొత్త కంపెనీ వాళ్లు.
మేనేజర్లందర్నీ పుట్టినరోజుల గదిలోకి పిలిచినారు.
గుత్తి నుంచి వచ్చిన పాప పండగ బెలూన్లు
ఇంకా పైకప్పుకు అంటుకోనే ఉండాయంట.
నీళ్ల మీద మేనేజరు, తిండి మీద మేనేజరు,
కాపలా మీద, కరెంటు మీద,
అందరి మీదా తిప్పేస్వామి సారు,
పదకొండు మంది
పసిబిడ్డల పొట్టి కుర్చీల్లో, మోకాళ్లు గడ్డాలకు తగలంగ.
టీ తీసుకుపోయిన ఓబులమ్మ చెప్పింది:
"పునర్నిర్మాణం" అనిరంట.
ఇల్లు యాడన్నా కూలితే కదా ఆ మాట, అని ఓబులమ్మ.
ఇకమీదట అలలు ఎప్పుడు లేపాల్నో
బెంగుళూరులో ఎనిమిదో మిద్దె మీంచి ఒకాయన మీట నొక్కుతాడంట.
నాలుగు పార్కులకూ ఆయనొకడే.
ఆయనకు మా గాలి ఎట్ల తెలుస్తుంది?
చినుకు కంటే ముందొచ్చి
కండ్లలో కొట్టే మా ఎర్రదుమ్ము?

పన్నెండుకంతా వాళ్ల కార్డులు చచ్చిపోయినాయి.
సిబ్బంది గేటు ఎర్రదీపమేసి గుర్రుమనింది.
అందుకని పదకొండు మందీ నా వైపొచ్చినారు,
అట్టపెట్టెలు ఎత్తుకోని,
ఆడుకోను వచ్చినోళ్లు పోయే దోవలో.
కాపలా మేనేజరు వన్నూరప్ప పెట్టెలో
ఒక ఈల, ఒక జత చెప్పులు.
తిండి మేనేజరమ్మ నా పక్క చూడలేదు.
సారు చేతుల్లో పెట్టె కూడా లేదు.
కడ్డీ కాడ నిలబడినాడు,
ఎవరన్నా ఎనకనుంచి తోస్తారేమోనన్నట్టు.
"నమస్తే సార్" అంటి.
"లెక్క రాసుకో" అన్యాడు.
కడ్డీ టక్కుమనింది.

రాత్రి ఎనిమిదికి చూసినా.
లోపలికి నాన్నూట పన్నెండు.
బయటికి నాన్నూట ఇరవై మూడు.
తక్కువైతే ఏం చేయాల్నో తెలుసు.
ఎక్కువైతే ఎవర్ని, యాడ వెదకాల?
వాళ్లు బిగించిపోయిన కంప్యూటరు కారణమడిగె.
ఏరుకోమని మూడే మాటలు చూపించె:
వాన. యంత్రదోషం. ఇతరములు.
శానాసేపు చూసినా.
సారు "ఆవిరి" అని రాసినట్టే
నేను "వాన" మీద వేలు పెట్టినా.

అయినా మనసొప్పల్యా.
టార్చి తీసుకోని కొలను చుట్టూ తిరిగొచ్చినా,
గొట్టాలల్లో పిలిచినా,
ఏం పేరని పిలిచినానో అడగొద్దు.
మీట నొక్కేటాయన మర్సిపోయినాడేమో,
ఒక్క మనిషీ లేని నీళ్లలో
అలలు లేస్తానే ఉండాయి.