రెండో కాపీ

కొల్లిపర రోడ్డులో ఎరువుల కొట్టు మాది.
మాది అంటే బ్రహ్మయ్యగారిది,
బిల్లులు రాసే చెయ్యి మాత్రం నాది.
ఇరవై రెండేళ్లుగా ఈ వేళ్లకి
ఎంత కడిగినా పోని వాసన ఒకటుంది.
మా ఆవిడ దానికి పేరు పెట్టదు,
అన్నం వడ్డించి కాస్త దూరంగా కూర్చుంటుంది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది.
లంకలో ఎకరం కౌలు, కంద వేసింది.
గొడుగులు అప్పుడే విచ్చుకుంటున్నాయట.
"పొటాష్ ఎంత బాబూ?"
చెప్పాను.
కొంగు ముడి మీదికి వెళ్లిన చెయ్యి
అక్కడే ఆగిపోయింది.
"యూరియా?"
చెప్పాను.
ముడి విప్పింది.

విప్పుతూనే అడిగింది:
"రాసేవాడివి, నీకు తెలియందేముంటుంది?
కందకి ఏది మంచిదంటావు?"

నాకు తెలుసు.
ఆకుని సాకేది ఒకటి, దుంప ఊరేలా చేసేది ఇంకొకటి.
యూరియా మోతాదు మించితే
మొక్క సంపాదించిందంతా
పెళ్లింట మేజువాణీకి పోసినట్టు పైపైనే పోస్తుంది,
మట్టిలోకి పైసా దించదు.
అంతా తెలుసు నాకు.

బ్రహ్మయ్యగారు దగ్గారు.
యూరియా లారీ ముందురోజే దిగింది.
పొటాష్ రెండు బస్తాలే మిగిలాయి,
అవీ నాగభూషణంగారి పేరు మీద.
"పచ్చగా రావాలంటే యూరియానేనమ్మా" అన్నాను.
అబద్ధం కాదు.
అదే దాని దోషం.

ఆమె వెళ్లాక కాస్త నసిగాను.
"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అని నవ్వి
ఆయన ఫ్యాను ఒక నంబరు పెంచారు.

భాద్రపదానికి ఆ చేను చూడాలి!
కట్ట మీద మోటారు సైకిళ్లు ఆగేవి.
ఒక్కో ఆకు కింద ఒక మనిషి వానకి నిలబడొచ్చు.
వ్యవసాయ శాఖ కుర్రాడెవరో ఫొటో తీసుకుపోయాడు.
నేనూ చూశాను, తెనాలి బస్సు కిటికీలోంచి,
నా చేతిరాతే మొలిచి భుజాల ఎత్తు ఎదిగినట్టు.
చూసి, టికెట్టు వెతుక్కుంటున్నట్టు
జేబులోకి తల వంచాను.

మార్గశిరంలో గోనెసంచితో వచ్చింది.
కాటా మీద ఒక దుంప పెట్టింది.
ముల్లు అరకేజీ దాకా వెళ్లలేక ఆగింది.
"నాటిన ముక్కే ఇంతకన్నా పెద్దది" అంది.
ఇంకొకటి తీసింది, రెండు చేతులతో.
పళ్లెం ఠంగుమంది.
మూడున్నర.

"ఇదెక్కడిదమ్మా?"
"పాక పక్క బోదెది.
పొయ్యిలో బూడిద అక్కడే పోస్తా,
వేరే చోటు లేక."

తిట్టలేదు.
తిట్టి ఉంటే ఏదో ఒక పద్దు కింద రాసుకునేవాణ్ణి.
చిన్న దుంప బల్ల మీద వదిలి,
పులుసు పెట్టుకోమని చెప్పి పోయింది.

మా ఆవిడ చింతపండు దండిగా వేసే వండింది.
నాలికని ఏమీ అనలేదు ఆ కంద,
రాత్రంతా కుడిచెయ్యి గోక్కున్నాను.

వైశాఖంలో పాత బాకీ సగం తీర్చి
మళ్లీ నిలబడింది.
బ్రహ్మయ్యగారు భోజనానికి వెళ్లారు.
"ఈసారి ఎకరమంతా బూడిదే పోద్దామనుకున్నా బాబూ,
అంత బూడిద రావాలంటే ఎన్ని పూటలు వండాలి?
అన్ని పూటలకి బియ్యమేవి?"
అని తనే నవ్వింది.

బిల్లు పుస్తకం తెరిచాను.
దుక్కిలో పశువుల ఎరువు, దొరికినంత.
నాటేముందు వేపపిండి.
యూరియా నిరుటిలో సగం, అదీ ఒక్కసారి కాదు.
పొటాష్ మానొద్దు.
డబ్బు చాలకపోతే తెల్లదాంట్లో కోసుకో,
ఎర్రదాంట్లో కాదు.

ధరల గడులు దాటి, సంతకం చోటు దాటి
అంచుల దాకా రాశాను.

అడుగున కార్బను కాగితం ఉంది.
రెండో కాపీ కొట్టులోనే ఉండిపోతుంది,
సాయంత్రం లెక్క చూసేటప్పుడు ఆయన చదువుతారు.

పెన్ను ఇంకాస్త గట్టిగా నొక్కాను.