కొత్తగా వచ్చినవి

షెడ్డుకి సరుకు రాలేదు, అంచేత సెలవు.
వీరవేణి, నూకరత్నం, మేరీకుమారి, నేను
షేరాటోలో ఇరుక్కుని
ముమ్మిడివరం దాటి జూకి వెళ్లాం.

జూ అంటే పెద్దదేం కాదు.
మొన్నటిదాకా జింకల పార్కు:
నాలుగు జింకలు, ఒక నెమలి, ఎండిపోయిన తాబేళ్ల తొట్టి.
ఇప్పుడు గేటుకి రెండు ఏనుగు తలకాయలు అతికించి
పది రూపాయల టిక్కెట్టు ముప్పై చేశారు.
లోపలంతా కొత్త రంగుల వాసన.
సిమెంటు బాట తడి మీదుండగా నడిచినట్టుంది
ఒక ఊరకుక్క, దాని అడుగులు అలాగే ఉన్నాయి.
అందరికంటే ముందు జూ చూసింది అదే.

నీటిగుర్రం నీళ్లలోంచి లేవలేదు.
రెండు చెవులు, రెండు ముక్కుపుటాలు,
మిగతాదంతా మనం నమ్ముకోవాలి.
"ముప్పై రూపాయలకి చెవులేనా?"
నూకరత్నం దెబ్బలాటకి దిగింది.
చారల గుర్రం ముందు మేరీకుమారి
చాలాసేపు నిలబడి
"ఈ అంచు చీరకైతే బావుణ్ను" అంది.

ఐదో నంబరు బోను దగ్గర జనం లేరు.
సిమెంటుతో చేసిన మడచెట్టు,
సిమెంటు వేళ్లకి ఆకుపచ్చ పెయింటు,
మోకాల్లోతు నీళ్లు, అందులో నాలుగు జెల్లలు.
మాలో టెన్త్ పాసయింది వీరవేణే, బోర్డు చదివింది:
"బావురుపిల్లి. నివాసం మడ అడవి. ఆహారం చేపలు.
రాత్రివేళ సంచరించును."
ఓస్, ఇదా! అన్నారు ముగ్గురూ.
మన చెరువుగట్ల మీద ఊరికే తిరిగేదానికి
ఇక్కడ టిక్కెట్టేంటే!

నిజానికి నేనెప్పుడూ చూళ్లేదు.
మా ఆయన రొయ్యల చెరువు కాపలా.
టార్చి, కర్ర, ఒక ప్యాకెట్టు టపాకాయలు.
తెల్లారొచ్చి చెప్తాడు:
గట్టు మీద రెండు కళ్లు, పచ్చగా,
టపాకాయ వేస్తే ఆరిపోయాయని.
దొంగముండ అంటాడు, వేరే పేరు పెట్టలేదు.
పదేళ్లుగా మా ఇంట్లో అది రెండు కళ్లే.
ఒళ్లు ఇవాళ చూశాను.
చెరువు బురద రంగు, నల్లచుక్కలు, పొట్టి తోక.
ఎడమ చెవి చివర కాలి, ముడుచుకుపోయి ఉంది.

ఎవరో కుర్రాళ్లొచ్చి ఈల వేశారు,
పాప్‌కార్న్ విసిరారు, విసుగెత్తి పోయారు.
అది కళ్లు తెరవలేదు.
నేను ఊరికే జాలీ మీద చెయ్యి ఆన్చాను.
పొద్దున్న నిమ్మచెక్కతో తోమిన చెయ్యి,
చింతపండు రాసిన చెయ్యి,
పెళ్లిళ్లలో కొంగు కింద దాచుకునే చెయ్యి.
పదకొండేళ్లు, రోజుకి ముప్పై కిలోల రొయ్య తొక్క.
వాసన గోళ్లలో కాపురం పెట్టేసింది.

ముందు ముక్కు కదిలింది.
తర్వాత మీసాలు.
తర్వాత లేచి, సిమెంటు వేళ్ల మీంచి నీళ్లలోకి దిగి,
జెల్లల్ని పట్టించుకోకుండా ఈదొచ్చి
తడికాళ్లతో నా ఎదర కూచుంది.
ఒక్కో వేలూ వాసన చూసింది.
సూపర్‌వైజరు ట్రే చూసినట్టు కాదు,
మనూరి నుంచి ఎవరో వస్తే
మనవాళ్లంతా ఎలా ఉన్నారని అడుగుతాం చూడండి,
అలా.

"వచ్చి మూడు వారాలైందండి,
ఎవరి దగ్గరకీ రాలేదండి" అన్నాడు బోనులు కడిగే కుర్రాడు,
"మీరేం పెట్టారండి?"
ఏం పెట్టలేదన్నాను.
రెండు చేతులూ తిప్పి చూపించాను.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.
ఏం చూశావే అంటే
నీటిగుర్రం చెవులు అన్నాను. నవ్వాడు.
అన్నం తిని, టార్చి తీసుకుని, కర్ర తీసుకుని
సైకిలెక్కాడు.
టపాకాయల ప్యాకెట్టు కిటికీ గూట్లోనే ఉండిపోయింది.
వంతెన దాకా వెళ్లాడు.
పిలిస్తే వినపడే దూరమే.