ఇతరములు

రిజిస్టరులో గడులు అయిదు:
ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి.
ఆరోది ఇరుకు. దాని పేరు ఇతరములు.
పదకొండేళ్ళలో అందులో నేను రాసింది
రెండు కుక్కలు, ఒక పెంపుడు చిలక.

నిన్న సఖినేటిపల్లి పశువుల ఆసుపత్రి గేటు దగ్గర
మెడ తప్ప ఏమీ మిగలని పిల్ల ఒకటి నిలబడింది.
ధాన్యం గుమ్మరించాక గోనె వాలినట్టు
మూపురం ఓ పక్కకి వాలి ఉంది.
తోక కింద ఎండి అట్టకట్టిన పారుడు.

పేమారామ్‌కి తెలుగులో వచ్చినవి మూడు మాటలు:
ఎక్కండి, యాభై, ఫోటో.
మిగతాది పొట్ట మీద చెయ్యి తిప్పి చెప్పాడు.
అంతర్వేది తీర్థం అయిపోయినా
తల్లిని ఇసకలో సవారీకి తిప్పుతున్నాడు.
పిల్లని మాత్రం కాలవగట్టున కట్టాడు,
మెత్తటి గడ్డి కదా, పుట్టి ఎరగని గడ్డి,
తిననీ అని.

చిటికెడు పెంట,
ఇక కరగనని ఉప్పు మొండికేసేదాకా కలిపిన నీళ్ళు,
పైన అద్దపు రేకు. పావుగంట.
బరువైనవి మునిగాయి, గుడ్లు తేలాయి.
కన్ను ఆనించాను.
నిమ్మకాయల్లాంటివి, రెండు కొసలా బిరడాలతో.
పల్చటి పెంకులో ద్రాక్షగుత్తి కుక్కినట్టున్నవి.
డెబ్భై దగ్గర లెక్క ఆపేశాను.

ఎక్కణ్ణించి వచ్చాయని కళ్ళతో అడిగాడు.
ఎలా చెప్పను?
తెల్లారగట్ల మంచు పడ్డ పరక మీదికి
పురుగుపిల్ల ఈదుకుంటూ ఎక్కుతుందని,
మీ ఇసకైతే దాన్ని మాడ్చి చంపేదని,
వరికి, కొబ్బరికి, చేపకి, మాకు
అన్నం పెట్టే ఈ తడే
దీని పేగుల్లో కాపురం పెట్టిందని.
గడ్డి పీకి, దాని మీద బొట్టు చూపించాను.
నా వేలు ఆ బొట్టు మీంచి పిల్ల పొట్ట దాకా నడిచింది.
అతను తన అరచెయ్యి చూసుకున్నాడు,
రోజూ ఆ గడ్డి కోసి పెట్టిన చెయ్యి.

బరువెంతని ఫోనులో డాక్టరుగారు.
ఆవుల టేపు సగంలోనే అయిపోయింది.
ఐసు పెట్టెలు దింపించి రొయ్యల కాటా ఎక్కించాం,
అటు నలుగురు, ఇటు నలుగురు పట్టుకుని.
నూట పద్దెనిమిది.
"పురుగుల తరుగు ఎంత తియ్యమంటారండీ?"
అన్నాడు కాటా మరిడయ్య.
ఎవరూ నవ్వలేదు. తరవాత అతనే
కొట్లోంచి బెల్లం తెచ్చాడు.
మాత్రలు నూరి కలిపిన మొదటి ముద్ద
నా చీర మీదికి ఉమ్మింది. రెండోది మింగింది.

గట్టు మీంచి విప్పించాం.
చెరువులు చచ్చిపోయి వదిలేసిన చవిటి నేల ఉంది,
సముద్రం వైపు. ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ పుచ్చుకోరు.
ఇలకూర, సర్కారు తుమ్మ.
ముళ్ళ మధ్యకి పెదాలు పోనిచ్చింది
తొందరేం లేకుండా.

ఇరవై ఒకటో రోజు మళ్ళీ రమ్మని
చీటీ వెనక ఇరవై ఒక్క గీతలు గీసిచ్చాను.
పొద్దుపోయాక రిజిస్టరు తెరిచాను.
ఒంటె, ఆడ, ఏడాది, పేరు లాడో.
చోటు చాలలేదు. అక్షరాలు
పక్కనున్న కోళ్ళ గడిలోకి
మెడ చాచాయి.