పురుగు తిన్న పేరు

ఛత్తాబజార్ల మా బైండింగ్ దుకాణానికి
తహవ్వుర్ అలీ సాబ్ శుక్రవారం నమాజు అయినంక వచ్చిండు,
చంకల తుంగచాప లెక్క చుట్టిన వంశవృక్షంతోటి.
పెండ్లి కార్డుల కట్టలు పక్కకు జరిపి
బల్ల మీద పరిచిన.
కింద వేర్లు, పైన కొమ్మలు, ఆకుకొక పేరు.
నడుమ ఒక్క కొమ్మకు ఆకు లేదు,
వెండిపురుగు నమిలిన బొక్క,
రూపాయి బిళ్లంత.

"ఇక్కడ మా దిల్‌అఫ్రోజ్ బేగం ఉండె" అన్నడు,
ఇప్పుడే పాలు తాగి పండుకున్న పిల్ల ముచ్చట చెప్పినట్టు.
సుల్తానుకు కొడుకుల్లేరు, బిడ్డలే.
గద్దె అల్లుని పాలయింది.
"కూసోవాల్సింది ఈ చిన్నామె.
పుస్తకాలల్ల లేదంటరు.
మా నానిమా నోట్లె ఉండె."

ఆయన గడియారాలు బాగుచేస్తడు,
ముల్లు ఎనుకకు తిప్పుడు చేతిలో పని.
ఛాయ్ సాసర్లకు ఒంపుకుంట
మూడువందల నలభై ఏండ్లు తిప్పిండు.

బేగం గద్దె ఎక్కింది.
ముట్టడి నెలల తరబడి నడిచినా
ఆ రాత్రి దిడ్డి తలుపు గడియ ఎవ్వడూ తియ్యలేదు,
ఎందుకంటే కావలోళ్ల జీతం బేగమే
నెల మొదట్లనే వాళ్ల పెండ్లాల చేతికిచ్చింది.
(ఈ మాట నాకు నచ్చింది.)
ఢిల్లీ దండు మూసీ వరదకు డేరాలిడిసి పోయింది.
వజ్రాలు సముద్రం దాటలేదు.
ఆమెకొక బిడ్డ, ఆ బిడ్డకొక బిడ్డ,
ఆడోళ్ల మీదికెల్లే నడిచి నడిచి కిరీటం
ఆఖరికి, గొంతు సవరించుకున్నడు,
"మా అమ్మీకి."
"మరి మీకు?"
"నాకేడిది? అక్కకు పోతది.
నేను గడియారాలే బాగుచేస్తుంటి,
కాకపోతే ఏనుగు మీద కూసోని."

మైదా జిగురు ఉడికించి, చిటికెడు మైలతుత్తం కలిపి,
బొక్క ఎనుక పల్చటి కాగితం అతికిస్తూ
నా లెక్క నేను చేసుకున్న.
మా ఇంటిపేరు గడ్డిమోపు.
మూడు తరాల మీద ఎవరి పేరూ యాదికి లేదు,
ఒక్క ముచ్చట తప్ప:
ఏ తాతకు తాతనో
దండు వెంబడి ఎడ్లకు గడ్డి మోసుకుంట వచ్చిండు.
కోట పడ్డంక జీతమియ్యక ఇడిసిపెడితే
కార్వాన్ల కూలి దొరికి ఆగిపోయిండు.

కోట పడకుంటే
ఎడ్లతోటి తిరుగుమొఖం పట్టేటోడు.
ఆ గడియ ఒక్కటి సప్పుడు చేయకుంటే
ఈ దబ్బనం లేదు, ఈ దారపుండ లేదు,
నిన్నటి సంది జ్వరంతోటి ఇంట్ల పన్న
నా బిడ్డ లేదు.

ఈ మాటే చెప్పిన.
సాసర్ కింద పెట్టిండు.
చార్‌కమాన్ దిక్కు ఆటోల హారన్లు ఇనుకుంట
శానాసేపు కూసున్నడు.
"మరి నా షజ్రా ఎవరు అతికిస్తుండె?" అన్నడు.

బొక్క మీద పేరు రాయాల్నా అని అడిగిన.
వద్దన్నడు. మళ్ల రాయమన్నడు.
మళ్ల, "పెన్సిల్‌తోటి" అన్నడు.

రెండువందల యాభై అడిగితే
రెండు వందలు పెట్టిండు బల్ల మీద.
సుల్తానులు బేరమాడరు సాబ్, అన్న.
"గెలిచింది అల్లుడే కదమ్మా" అనుకుంట
చుట్ట చంకల పెట్టి,
వాననీళ్లకు పైజామా అంచు ఎత్తి పట్టి
మెట్లు దిగిండు.