జూనియర్

డిగ్రీ పట్టా వచ్చిన రోజు ఎర్మెలిండా
దాన్ని గోడకు తగిలించలేదు.
బీరువాలో చలికోట్ల కింద
కరెంటు బిల్లుల పక్కన దాచింది.
"ఉద్యోగం వచ్చాక మేకు కొడుదువుగాని" అంది.
అప్పటికే తెచ్చిన మేకును జేబులో వేసుకున్నాను.
పదకొండు నెలలు అది నా జేబులోనే
చిల్లరతో గొడవపడుతూ ఉంది.

ఇరవై ఆరేళ్లు మతోజిన్యోష్ రేవులో
చేపల డబ్బాల ఫ్యాక్టరీ.
తల తెంచడం, తోక కత్తిరించడం,
డబ్బాలో నాలుగు సార్డీన్లు నిలువుగా, ఒకటి అడ్డంగా.
రాత్రి నేను బేకరీకి బయల్దేరే వేళకి
వంటింటి బల్ల మీద స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచేది.
తెల్లారి పిండి చేతులతో నేను వచ్చేసరికి
నోటుబుక్కు మీదే నిద్ర.
చెంప మీద ఒక సమీకరణం తిరగబడి అచ్చై ఉండేది.
ఒకసారి చెప్పకుండా ఊరుకున్నాను.
అలాగే పనికి పోయింది.
అందరూ నవ్వారట.
ఫోర్‌మన్ మాత్రం దగ్గరికొచ్చి
"జవాబెంత?" అని అడిగాడట.

యాభై రెండేళ్లకి పట్టా.
ఆ వేసవిలోనే ఫ్యాక్టరీకి తాళం.
ఆ తర్వాత మెయిళ్లు.
అన్నిటికీ ఒకటే ముఖం, ఒకటే మర్యాద:
మీ ఆసక్తికి కృతజ్ఞతలు.
కృతజ్ఞతలతో కడుపు నిండేదైతే
నేను రొట్టెలు కాల్చడం ఎందుకు, అన్నాను.
నవ్వలేదు.
పట్టిక గీసుకుంది: కంపెనీ, తేదీ, జవాబు.
నూట పద్నాలుగు దరఖాస్తులు. ముప్పై ఒక్క జవాబు.
"ఇరవై ఏడు శాతం" అంది,
"నమూనా చిన్నదేం కాదు."

ఒక ఇంటర్వ్యూలో ఎవరో కుర్రాడు
ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు, అన్నాడట.
"యాభై ఎనిమిదిలో" అని చెప్పి లేచి వచ్చేసింది.
ఇంకోచోట ఆ ఇరవై ఆరేళ్లనీ
ఖాళీ కింద జమకట్టారు.
ఖాళీ!
అందులో పిల్లాడి కళ్లద్దాలున్నాయి, నా కట్టుడు పళ్లున్నాయి,
మా అమ్మ శవపేటిక ఉంది,
వాన పడితే ఇప్పుడు కారని ఈ పైకప్పు ఉంది.
ఆ రాత్రి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటూ
చాలాసేపు సింకు దగ్గరే నిలబడింది.
ఆ వాసన ఎప్పుడో పోయింది, నాకు తెలుసు.
ఆమెకు పోలేదు.

ఫిబ్రవరిలో నీటి సరఫరా ఆఫీసు నుంచి ఫోను.
మీటర్ల లెక్కలు చూసే పని, ఆరు నెలల కాంట్రాక్టు,
చేపలు కోసినప్పటి జీతం కంటే నలభై యూరోలు తక్కువ.
నేను నోరు తెరవబోయాను.
ఒక్క చూపుతో మూయించింది.

మొదటి రోజు మెడలో కార్డు తీయకుండానే ఇంటికొచ్చింది.
ఫోటోలో జుట్టు తడిసి ఉంది.
పేరు కింద రాసి ఉంది: జూనియర్.
"మా పైవాడికి ఇరవై ఏడేళ్లు. దుఆర్తె అని.
స్టాప్లర్ ఎలా నొక్కాలో చూపించాడు."
"నువ్వేమన్నావు?"
"చూపించనిచ్చాను."

జేబులోంచి మేకు తీశాను.
"కాంట్రాక్టు పొడిగించనీ" అంది.
మళ్లీ జేబులోకే.

మూడు వారాలు గడిచాక, సూపు తాగుతూ తాగుతూ:
"తెల్లవారుజామున నాలుగున్నరకి
మన వీధి మొత్తంలో ఒక్క మీటరే తిరుగుతుంది.
మనదే. నువ్వొచ్చి పిండి కడుక్కునే నీళ్లు.
పద్దెనిమిది లీటర్లు. కాస్త తగ్గించు."
చెంచా కింద పెట్టి
ఆమె వైపు చూస్తూ ఉండిపోయాను.
ఇన్నేళ్లూ నేనొచ్చేసరికి నిద్రపోతూనే ఉండేది.

మర్నాడు నాలుగున్నరకి
చీకట్లో కుళాయి తిప్పాను.
చేతులు శుభ్రమయ్యాయి.
కట్టేయబోయి,
ఇంకాస్త తిప్పాను.