నాలుగో పట్టిక

తిరువల్లిక్కేణి సందుల్లో
తెలుగు దిద్దే ప్రెస్సు ఇదొక్కటే మిగిలింది,
దిద్దేవాణ్ణి నేనొక్కణ్ణే.
ఇవాళ బల్లమీద యూనియన్ వాళ్ళ చిన్న పుస్తకం:
ఏ ప్రభుత్వం జనం మీద ఎంత ఖర్చు పెడుతోంది.

నాలుగో పట్టిక దగ్గర ఆగాను.
ఎడమవైపు దేశాలు, కుడివైపు శాతాలు.
డెన్మార్కుకి ఒత్తు జారిపోయింది.
క్యూబా వరసలో చుక్కలే, లెక్క దొరకలేదట.
స్వీడన్ దశాంశ బిందువు ఒక గడి ఎడమకి జరిగితే
అర్ధరూపాయి అణాకి దిగజారింది.
ఎర్ర సిరాతో బిందువుని దాని చోటికి పంపాను.
లోకాన్ని కూడా ఇంత తేలిగ్గా దిద్దగలిగితే,
అని నేనేమీ అనుకోలేదు.
టీ చల్లారిపోతోంది, అంతే.

పెంచలమ్మ వచ్చింది.
తెల్లారగట్ల కార్పొరేషన్ వీధులు, మధ్యాహ్నం మా ప్రెస్సు.
నెల్లూరు దిక్కు నుంచి నడిచొచ్చింది ఆమె అవ్వ.
తమిళం వీధిది, తెలుగు ఇంటిది,
జీతం మాత్రం రెండేళ్ళుగా కాంట్రాక్టరుది.

"ఏందయ్యా ఈ చీమలబారు?"

చదివి వినిపించాను.
అక్కడ చదువుకి ఫీజు లేదు, కాన్పుకి బిల్లు లేదు.
బిడ్డ పుడితే తండ్రికీ సెలవు.
పని పోయినా కొన్నాళ్ళు ఇంటికి డబ్బొస్తుంది.

"ఊరికేనా?"

ఊరికే కాదు. వచ్చినదాంట్లో పెద్ద ముక్క
పన్ను కింద ముందే కట్టేస్తారు.

చీపురు గోడకి ఆనించి
మెడలోని ఐడీ కార్డు తిప్పింది.
ప్లాస్టిక్ కవరులో, తన ఫొటో వెనకాల,
నాలుగు మడతలు పెట్టిన కాగితాలు.

బస్సు టికెట్టు. ఆడవాళ్ళకి కట్టణమిల్లా.
"ఈ సున్నా మీ పుస్తకంలో ఎక్కిందా?"

పెద్దాసుపత్రి చీటీ, చెల్లెలి కాన్పుది.
"ఇక్కడా బిల్లు లేదు. బండి తోసినోడికి రెండొందలు,
మగబిడ్డని చెప్పినామెకి అయిదొందలు.
ఆడబిడ్డయితే తగ్గించేదంట."
నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలియలేదు.

అంగడి రసీదు. సబ్బు, నూనె, దోమలచుట్టలు,
అడుగున జీఎస్టీ, రెండు ముక్కలుగా.
"నేనూ కడతన్నా గదా.
వాళ్ళకి లెక్క అడిగే కిటికీ ఒకటుంటదేమో.
నా కిటికీ ఎక్కడుందో చెప్పు, పోయి నిలబడతా."

పట్టికలోకి చూశాను, కిటికీ కోసం.
చాలా గళ్ళున్నాయి.

"సరే, ఇది చెప్పు.
ఆ దేశాల్లో వీధులు ఊడ్చేది ఎవురు?
పర్మినెంటా, కాంట్రాక్టా?"

పైనుంచి కిందకి, ఎడమనుంచి కుడికి
రెండుసార్లు వెతికాను.
విద్య ఉంది, వైద్యం ఉంది, పింఛను, రక్షణ ఉన్నాయి.
ఆ గడి లేదు.

ప్రూఫు దిద్దేవాడికి కొత్త మాట చేర్చే హక్కు లేదు.
మార్జిన్లో పెన్సిలుతో
ఆమె ప్రశ్న ఆమె మాటల్లోనే రాసి
పక్కన చిన్న కొక్కెం గీశాను.

సాయంత్రం యూనియన్ కార్యదర్శి వచ్చాడు.
కళ్ళద్దాలు పైకి నెట్టి చదివాడు, తల ఊపాడు.
"మంచి ప్రశ్నే.
కానీ గడి చేరిస్తే పేజీ పెరుగుతుంది,
పేజీ పెరిగితే ఫారం పెరుగుతుంది.
ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?"

కత్తిరించిన కాగితం అంచులు పోగుచేస్తూ
పెంచలమ్మ తలెత్తింది.
కొక్కెం ఇంకా చెరపలేదు నేను.